వాన వచ్చే వైపు

నా కాగితం మీద మూడు గడులున్నాయి:
అందం, అక్కర, ఖర్చు.
పడవ దిగేసరికి కాగితం తడిసి
ఒకదాని సిరా ఒకదాన్లోకి పాకింది.

లెముయ్ దీవిలో వాన చుట్టం కాదు,
ఇంటి మనిషి.
తలుపు కొట్టదు, అద్దె కట్టదు.
ఓర్ఫెలినా చిగ్వాయ్ ఇంటి ఉత్తరపు గోడలో
పదకొండేళ్లుగా కాపురముంది.
ఆ గోడకి చెయ్యి ఆనిస్తే
తడిసిన కుక్క వీపు నిమిరినట్టుంది.

"వీధి వైపు చేప పొలుసులు కావాలి," అందామె.
అంచులు గుండ్రంగా కోసిన చెక్క పెంకులు,
వరస మీద వరస.
"రంగు పసుపు. గుడ్డుసొన పసుపు.
వలల పడవ మీంచి మా ఆయన
ముందు మా ఇల్లే గుర్తుపట్టేవాడు."
ఆయన ఇక చూడడు.
ఆ సంగతి ఏ గడిలో రాయాలో తెలీక
పెన్నుకి మూత పెట్టేశాను.

అలెర్సె చెక్కయితే వందేళ్లు ఆగుతుంది, కానీ
వానని అది రానివ్వనట్టే
గొడ్డలిని చట్టం దాని దగ్గరికి రానివ్వదు.
సిప్రెస్ నా లెక్కని ముంచుతుంది.
రేకు కారుచౌక.
"ఇంటి నిండా రేకా? డోలు లోపల పడుకున్నట్టే,"
నవ్వాడు ఉబాల్దో, డెబ్భై దాటిన వడ్రంగి.
ఫోన్లో నా బొమ్మని అటూ ఇటూ తిప్పి
"బాగుంది. ఇందులో ఉత్తరం ఎటు?" అన్నాడు.

నేను బొమ్మలో ఉత్తరం పెట్టలేదు.

మర్నాడు కూలిన పడవల పాక చూపించాడు.
మోకాళ్ల మీద పడ్డ పాక,
గోడలకి ఇంకా అలెర్సె పెంకులు,
తాతల నాటి వానకి వెండిలా నెరిసినవి.
గోటితో గీరితే లోపల ఎరుపు,
నిన్ననే కోసినట్టు వాసన.
పాక ఆసామి రెండు గొర్రెలడిగాడు.
అటవీశాఖ ముద్ర కోసం నేను నెల తిరిగాను.
పగిలినవి పోగా ఏడువందల పద్నాలుగు తేలాయి.
ఒక్క గోడకి సరి.

ఏ గోడకి?

"ఊరు చూసే గోడకి," అందామె.
"వాన చూసే గోడకి," అన్నాడు.
నేను ఆమె వైపున్నాను,
నిజం చెప్పాలంటే నా పోటీ ఫోటో వైపు.
పైన పటారం, లోన లొటారం అని
నా గీతలే నన్ను చూసి గొణిగాయి.
రెండు రోజులు ముగ్గురం ఒకే పొయ్యి దగ్గర
ఎవరి మాటే మేట తాగినట్టు తాగాం.

మూడో రాత్రి ఉత్తరపు గాలి లేచింది.
తెల్లారేసరికి ఆమె పరుపు వంటింట్లో ఉంది.
ఓర్ఫెలినా ఏమీ అనలేదు.
మేకుల డబ్బా తీసుకెళ్లి
ఉత్తరపు గోడ కింద పెట్టింది.

ఆదివారం పదహారు మంది వచ్చారు.
ఇక్కడ డబ్బు కాదు, చేతులే చేబదులు.
ఎవరూ కొనని నల్లగొర్రెల ఉన్నిని
గోడ ఎముకల మధ్య కూరారు,
వెండి పెంకులు దిగ్గొట్టారు,
ఉడికిన ఆలుగడ్డలు, ఆపిల్ కల్లు తాగి
చీకట్లో పాడుకుంటూ పోయారు.
కూలి గడిలో సున్నా రాశాను.
అంత పెద్ద అబద్ధం
నా జీవితంలో ఎప్పుడూ రాయలేదు.

వీధి గోడ?
పాత కప్పు రేకుల్ని ఉబాల్దో
పెద్ద కత్తెరతో కోసి గుండ్రని అంచులు తీశాడు.
సగం పొలుసులు ఒంకర,
ఒకట్రెండింటి మీద తుప్పు.
మీద గుడ్డుసొన పసుపు, రెండు పూతలు.
దగ్గరికెళ్తే అతుకులు తెలుస్తాయి.
దగ్గరికొచ్చేవాళ్లు ఎలాగూ లోపలికే వస్తారు,
అంది ఆమె.

ఆ ఇంట్లోకెల్లా అందమైన గోడని
ఇప్పుడు చూసేది గొర్రెలూ, వానా.

తిరుగు పడవ మీంచి ఫోన్ చేస్తానని మాటిచ్చాను.
పొగమంచు. దీవే లేదు.
"కనిపిస్తోందా పసుపు?" అనడిగింది.
"ఉత్తరపు గోడ పొడిగా ఉందా?" అన్నాను.

చాలాసేపు మాట్లాడలేదు.
చెయ్యి ఆనించి చూస్తున్నట్టుంది.