సాతబారా

సిరొంచ బస్టాండు ఎదురుగా
జెరాక్సు మిషన్ల వేడిలో నా కౌంటరు.
పదిహేను రూపాయలకు ఒక చేను
కాగితమై బయటికొస్తుంది.
మరాఠీలో అచ్చయినదాన్ని నాతో తెలుగులో చదివించుకుని
బనీను జేబులో దాచుకుంటారు.
మా బాపు పేరు కూడా ఇలాగే రావలసింది.

జాడి ఎలీషా. కర్రల డిపోలో ఎడ్లతో దుంగలు లాగించేవాడు.
టేకు మొద్దు కింద భుజం పెడితే
అది ముందు అలిగినట్టు కదిలి
తర్వాత లేచేది.
అతని అరచేతిలో గోరు గుచ్చినా దిగదు.
ఆ చేత్తోనే జొన్నరొట్టె తుంచితే
పలుకు కింద పడేది కాదు.

గట్టయ్య మా మిరపచేను గట్టురాయిని
రెండు బారలు జరిపిన ఏడు,
నాకు పదమూడేళ్లు,
నేను గొడ్డలి వైపు చూశాను.
బాపు తువ్వాల భుజానేసుకుని వాళ్ల వాకిట్లోకి నడిచాడు.
వాడంతా వెనకాలే, తమాషా చూద్దామని.
"రాయి జరిగింది గట్టన్నా.
నాకు ఎరుకే, నీకు ఎరుకే.
రాయికి సుత ఎరుకే."
అంతే.
ఇంటికొచ్చి ఎడ్లకు కుడితి పెట్టాడు.

ఆ ఆదివారం పాస్టరు బాపును సాత్వికుడన్నాడు.
బడిలో మరాఠీ గురూజీ చెప్పిన లెక్కన
సాత్వికమంటే ఉల్లిగడ్డ లేని కూర.
ఎండుచేపల వాసన గోడలకు పట్టిన మా ఇంటికి
ఆ మాట ఏ దారిన వచ్చిందో!
అలాంటివాళ్లకే భూమి దక్కుతుందట.
"సాతబారా సుత ఇస్తరా?" అన్నాను చర్చి మెట్ల మీద.
అవ్వ నెత్తిన మొట్టింది.
బాపు నవ్వు ఆపుకోలేక దగ్గాడు.

తహసీలుకు పద్నాలుగుసార్లు తిరిగాడు.
ఒక్కసారీ గొంతు లేవలేదు.
ఒక్కసారీ అడగకుండా వెనుదిరగలేదు.
"ఉద్యా యా" అని గుమాస్తా విసుక్కుంటే
రేపు వచ్చేవాడు.
నిజంగా రేపే.
ఆ గుమాస్తా చివరికి బాపును చూస్తే
కుర్చీలో సర్దుకుని కూర్చోవడం నేర్చాడు.

నాకది చాల్లేదు. ఒక రాత్రి అడిగేశాను,
నీకు బలం లేదా బాపూ అని.
చాలాసేపు పలుకలేదు. బీడీ ఆరిపోయింది.
"లాగుడు ఏ ఎద్దయినా లాగుతది బిడ్డా.
ఏటి దిగుడుల, ఎనక దుంగ తోసుకొస్తుంటె,
ముంగట పోరడు అడ్డమొస్తె
ఆగుతది సూడు,
గా ఎద్దుకే ధర."

పదిహేనోసారి పోలేదు. జ్వరం ముందొచ్చింది.
రాయి అక్కడే ఉంది.
రెండు బారల మిరప
ఏటేటా అవతలివైపే ఎర్రబడుతుంది.

ఈ పొద్దు గట్టయ్య వచ్చాడు.
కళ్లకు పొరలు. నన్ను పోల్చుకోలేదు.
సొసైటీ అప్పుకు ఇదే ఆఖరు రోజట,
సాతబారా కావాలట, జల్ది.
గట్ నంబరు కోసం చీటీ వెతుక్కుంటున్నాడు.
నాకు నోటికొచ్చు.

సర్వర్ లేదు అంటే చాలు.
రెండే మాటలు, రోజూ నిజంగానే అనేవి.
వేలు మీట మీద ఆగింది.
వెనక నుంచి ఏదో తోసుకొస్తోంది,
పదిహేడేళ్ల బరువు, బెరడు కూడా తీయని దుంగ,
నేనేమో దిగుడులో ఉన్నాను,
ముంగట, కర్ర పట్టుకుని, ఒక ముసలాయన.

మీట నొక్కాను.
కాగితం వెచ్చగా వచ్చింది.
పిన్ను కొట్టి, చేతికిచ్చి,
చిల్లర లెక్కపెట్టి, అప్పుడు అన్నాను:
"రాయి జరిగింది పెద్దబాపూ.
నాకు ఎరుకే."

ముఖం ఎత్తి గొంతు వచ్చినవైపు చూశాడు.
చాలాసేపు చూశాడు.
వెనక ఎవరో క్యూలో కసిరితే
తడుముకుంటూ మెట్లు దిగిపోయాడు.

బల్ల కింద నా అరచేతిలో
గోరు గుచ్చి చూసుకున్నాను.
దిగుతోంది,
ఇంకా.