మొగ్గు

తొకాయ్ కొండ కడుపులో, ద్రాక్షతోట కింద,
గోడలకి నల్లబూజు ఉన్నిలా పట్టిన గుహ.
ఏడాది పొడుగునా పదకొండు డిగ్రీలు.
వైను నిద్రపోవడానికి ఎవరో తవ్వినదాన్ని
మేం అద్దెకి తీసుకున్నాం
అంతకన్నా మెల్లగా కదిలేదాని కోసం.

ఇక్కడొక తీగ వేలాడుతుంది.
తలవెంట్రుకలో నాలుగోవంతు లావు, టంగ్‌స్టన్.
దెజో చేతులు తప్ప ఇంకో చెయ్యి
దాన్ని ముట్టకూడదని మాలో కట్టుబాటు.
కింద ఒకవైపు బెరీలియం, ఒకవైపు టైటానియం.
తూకంలో కవలలు, పుట్టుకలో పరాయివాళ్ళు.

రాయీ ఈకా ఒకేలా పడతాయని
బళ్ళో చదువుకున్నాం,
గాలి లేకపోతే, అని షరతు పెట్టి.
మా పని ఆ షరతు తర్వాత మొదలవుతుంది.
నిజంగా ఒకేలానా?
పది లక్షల కోట్లలో ఒక వంతు దాకా ఒకేలానా?
భూమి పిలుపు కాక ఇంకేదో
ఈ ఇద్దరిలో ఒకరినే
పేరు పెట్టి, గుసగుసగా
పిలవడం లేదు కదా?

పళ్ళెం తిరుగుతుంది, ఇరవై నిమిషాలకొక చుట్టు.
అద్దం మీద పడ్డ వెలుగు తిరిగొచ్చి
తీగ ఎంత మెలి పడిందో చెబుతుంది.
తుమ్మొస్తే మేం రోడ్డు దాకా పరిగెడతాం.

ఏప్రిల్లో, పదకొండు రాత్రులు, మెలి వచ్చింది.
ప్రతి చుట్టుకీ అదే చోట, ఈశాన్యం వైపు,
అలవాటైన మనిషి పొట్టి గుమ్మం దగ్గర
తల వంచినట్టు.
దెజో ఆ మాట పైకి అనలేదు. నేనూ అనలేదు.
గీతలున్న కాగితాన్ని బల్లమీద బోర్లా పెట్టాం.
తొందరపడి అంకెని నమ్మొద్దని పిల్లలకి చెప్పే నేనే
ఆ పదకొండు రోజులూ
నెల తప్పిన సంగతి ఇంకా ఎవరికీ చెప్పనిదానిలా
వీధిలో జాగ్రత్తగా నడిచాను.

పన్నెండో రోజు దెజో గోడకి చెవి ఆనించి
"ఇటుపక్క ఎవరుంటారు?" అన్నాడు.

వెందెల్ బాచి.
బాచి అంటే ఇక్కడ బాబాయి, ఊరందరికీ.
చేతిలో కొవ్వొత్తితో తలుపు తీశాడు.
మనవరాలు బోరోకా పెళ్ళికని
తొమ్మిది పీపాలు అవతలి మూల నుంచి
మా గోడ పక్కకి దొర్లించాడట.
ఒక్కోటీ నూట ముప్ఫై ఆరు లీటర్లు.
ఏ రోజు దొర్లించాడో వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు.
అప్పటికే నాకు తెలిసిపోయింది.

కొత్త బలం కాదు. పాతదే.
చందమామని పట్టుకుని వదలనిదే
పెళ్ళివారి వైనుని తోడు తెచ్చుకుని
మా తీగని తాకింది.
దెజో ముందు నవ్వాడు.
తర్వాత బయటికెళ్ళి చాలాసేపు నిలబడ్డాడు.

సీసపు ఇటుకలు పేర్చి, తీసి, మళ్ళీ పేర్చాం.
బాచి తన తలుపుకి ఒక పలక తగిలించాడు.
*శనివారం, రెండు కూజాలు తీశాను.*
*పెళ్ళికి నాలుగు పీపాలు పోయాయి.*
*వానకి పై తోట నానింది, అది కూడా రాయాలా?*
రాయమన్నాం.
నానిన మట్టి బరువు మాకు నిజంగానే కావాలి.

మూడేళ్ళు.
ఆఖరికి మిగిలిన అంకె సున్న.
సున్న అని రాసి దానికి అటూ ఇటూ
వెంట్రుకవాసి జాగా వదులుతాం.
ఉంటే గింటే, అది అందులో దాక్కోవాలి.

"ఇంతకీ ఏం దొరికింది?" అన్నాడు బాచి.
ఏమీ లేదన్నాను. ఇంత దగ్గరగా వంగి చూసినా
ఏమీ లేదన్నాను.
ఆయన అది కాసేపు నమిలి,
పెళ్ళిలో మిగిలిన పీపాలో గాజుగొట్టం ముంచి
నాకో గ్లాసు వంచాడు.
ఎండుద్రాక్ష, కాస్త పొగ, నాలుక అంచున ఉప్పు.
నేను తాగుతుంటే లేచి సుద్దముక్క వెతుక్కున్నాడు.

*ఒక గ్లాసు తక్కువ*, అని రాశాడు.
వెనక్కి తిరిగి నా వంక చూశాడు.
అరచేత్తో చెరిపేసి
మళ్ళీ రాశాడు:
*అమ్మాయి వెళ్ళేదాకా ఇక్కడే ఉంది.*