నాలుగో వార్డు, నైట్ డ్యూటీ

గుంటూరు పెద్దాసుపత్రిలో నాలుగున్నర.
రిజిస్టరుకి ఆనించిన ఫోన్లో
అమెరికా ఆడోళ్ళు పరిగెడుతున్నారు, సౌండు లేకుండా.

"మొన్న మగాళ్ళ మ్యాచి చూశావా?
బాకీ తీర్చినట్టు బంతి తెచ్చి ఇచ్చేశారు అవతలోళ్ళకి."
సువార్త నవ్వు మాస్కులోనే ఆగింది.

"అయినా వాళ్ళది ఉత్త అమెరికా జట్టు.
వీళ్ళది మాత్రం మహిళల జట్టు,"
టెంపరేచర్లు రాస్తూ అంది మస్తాన్‌బీ.
"ఎన్ని కప్పులు తెచ్చినా ఆ ముందుమాట పోదు."

"కోర్టుకెక్కి జీతం సమానం చేయించుకున్నారుగా."

కాసేపు ఇద్దరూ మాట్లాడలేదు.
మార్చితో కాంట్రాక్టు అయిపోతుంది.

పన్నెండో బెడ్డు ముసలాయన నిద్రలో చెయ్యి విసిరాడు.
జారిన గ్లూకోజు సీసాని
ఎడమకి ఒరిగి రెండరచేతుల్లో పట్టేసింది మస్తాన్‌బీ.
పొన్నూరు హైస్కూల్లో తొమ్మిదో తరగతి దాకా
గోల్‌కీపరు.

ఫోన్లో ఎవరో గోలు కొట్టారు.
ఎవరో చూడనేలేదు.