మారు

డండీలో నవంబరు. మూడున్నరకే చీకటి.
కడుపులో ఎలుకలు పరిగెత్తడం మానేసి చాన్నాళ్లయింది;
చచ్చాయో, ఇంకో ఇల్లు చూసుకున్నాయో.

చేతుల మీద పసిబిడ్డకున్నట్టు నూగు.
దువ్వెన నిండా నేనే.
చదివిన వాక్యమే మళ్లీ చదువుతాను,
నీళ్లలో పడ్డ కాగితంలా చేతిలో విడిపోతుంది.
కూర్చుంటే ఎముకా చెక్కా ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి.

"చాలు" అన్నది మొదట్లో కంచం మీద చెయ్యి అడ్డంపెట్టి అనే మాట.
పప్పు చాలు. పెరుగొద్దు.
ఎప్పుడు కంచం దిగి నడిచొచ్చిందో,
ఇప్పుడు రాత్రిళ్లు మంచం పక్కన నిలబడి
నన్ను మొత్తంగా చూపించి అంటుంది: చాలు.
ఎంతో మర్యాదగా, ఆఖరి బస్సుకి టైమైందని గుర్తుచేసే చుట్టంలా.

నిన్న వార్డులో మొరాగ్‌కి చెప్పేశాను,
ఆవిడ తన మోకాలి నొప్పి గురించి చెబుతుంటే మధ్యలో.
ఉలిక్కిపడలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుంది.
"తెల్లారేదాకా నా డ్యూటీయే" అంది.

ఓట్స్ గంజిలో వీళ్లూ ఉప్పే వేస్తారు.
పైన తొరక కట్టేదాకా చూస్తూ కూర్చున్నాను.
ఒక చెంచా. ఏడుస్తూనే ఇంకోటి.
ఆవిడ గరిటె ఎత్తి, మారు వెయ్యనా అన్నట్టు చూసింది.

అవునన్లేదు.
చెయ్యి మాత్రం అడ్డం పెట్టలేదు.