గదమ కొంచెం కిందికి

కుచ్చో అన్నా.
ఆ స్టూలు కాదు, దాని కాలు ఊగుతాది. ఈ పక్కది.
వీపు గోడకు ఆనించొద్దు.
గోడకు ఆనుకుంటే
అప్పడగను వచ్చినోని మొగం పడతాది.

అద్దం ఆడుంది, దువ్వెన దాని పక్కనే.
ముందు మొగం కడుక్కో.
బేతంచెర్లలో అసలు మొగం బయటికి రావాలంటే
రెండు చెంబుల నీళ్లు పడతాయి.
పాలిష్ మిషన్ దుమ్ము కనుబొమల్లో దాక్కోనుంటే
లైటు పడంగానే
ముప్పై ఏండ్లోనికి అరవై వస్తాయి.
పౌడరు ముట్టుకోవద్దు.
పొద్దున్నుంచి తెల్లగుండింది చాలు.

గదమ కొంచెం కిందికి.
అంత కాదు, అది తప్పు చేసినోని గదమ.
అంత పైకెత్తితే ఎలక్షన్ ఫ్లెక్సీ.
నడుమ ఒక చోటుంది.
జొన్నరొట్టె తిప్పే ముందు
మా అమ్మ చెయ్యి పెనం మీద ఆగే చోటు మాదిరి.
ఆఁ, ఆడ ఆగు.

కెమెరాను చూడొద్దు.
కెమెరాను చూసే కండ్లు
తాసిల్దారును చూసినట్లే చూస్తాయి.
నా చెవిని చూడు.

నగు అంటే ఎవురూ నగరు, నాకు తెలుసు.
పండ్లు దాచుకోవద్దు.
మన బోరు నీళ్లు తాగినోళ్లవి అందరివీ ఆ రంగే.
మీ మేస్త్రీ కూలి ఎగ్గొట్టి పోతా పోతా
సున్నం తొట్టిలో పడినాడంట గదా?
అదీ.
వచ్చేసింది.

ఇప్పుడు ఊపిరి వదులు.
వదిలినాక, మళ్లీ పీల్చే లోపల
మనిషి రవ్వంత సేపు
ఎవురికీ ఏమీ బాకీ ఉండడు.
నేను నొక్కేది అప్పుడే.

గ్రూపు ఫోటో కూడానా? రాండి అందరూ.
పొట్టోళ్లు ముందుకు.
ఒకప్పుడు ఇంకో మాట కూడా చెప్తాంటి:
భుజాల మీద చేతులెయ్యొద్దప్పా, అని.
ఎందుకో చెప్తాన్యాను కాదు.

మా పనిలో సగం
గుంపులోనించి ఒకర్ని కోసి తీసేదే.
పెద్దది చెయ్యన్నా, దినం లోపల కావాల, అని వస్తారు.
ఆ మనిషికి ఒంటరి ఫోటో ఒక్కటీ ఉండదు.
ఏ పెండ్లిలోనో, ఏ ఉరుసులోనో
వెనక వరసలో సగం కన్ను మూసి నిలబడింటాడు.
కన్ను తెరవొచ్చు.
బనియన్ మీద కోటు తొడగొచ్చు.
వెనక ఊటీ పెట్టొచ్చు.
పక్కోని చెయ్యి ఒకటే సతాయిస్తాది.
వేలు వేలూ తుడవాల,
దాని కింద అంగీ గళ్లు మళ్లీ అల్లాల.
రాత్రి పన్నెండైతాది.

మద్దిలేటిది అట్లనే తుడిచినా.
గని నుంచి రాలేదే, ఆ మద్దిలేటి.
నా పనితనం నాకే ముద్దొచ్చేటంత శుభ్రంగా.

సుంకులమ్మ వచ్చింది.
మొగం చూడలే, భుజం చూసింది.
"ఈడ కాశీం చెయ్యి ఉండాల గదన్నా" అనింది.
"సగం వేలు లేంది.
మిషన్లో తెగినపొద్దు ఈయనే తువ్వాలు చుట్టి
డోన్ ఆస్పత్రి దాకా ఎత్తకపొయినాడు."
కొంచెం సేపు ఊరకుండి
"చెయ్యి లేకుంటే
ఈయప్ప నిలబడినట్లే లేడు" అనింది.

నిజమే.
ఎన్నిసార్లు సరిచేసినా
ఆ భుజం ఒక పక్కకు జారతానే ఉన్నింది.
నా కంటికి రాత్రంతా అగుపడలే.

మళ్లీ పెట్టినా, మణికట్టు దాకా.
ఫ్రేము అంచులోనించి ఒక చెయ్యి,
నాలుగున్నర వేళ్లతో.
దుడ్లు తీసుకోలే. తీసుకోవాల్సిందేమో,
కరెంటు బిల్లు ఆ నెల ఎక్కువొచ్చింది.
వాళ్లింట్లో దండ కొంచెం పక్కకు తోసి వేస్తారంట,
ఆ వేలు కనపడాలని.

సరే, నిలబడండి.
గదమలు కిందికి. నా చెవి.
ఓ చివర పచ్చంగీ, చేతులు జేబుల్లో ఏందప్పా?
తీయి. పక్కోని మీద వెయ్యి.
అట్ల ఊరికే తాకిస్తే కాదు, బరువుగా వెయ్యి.
నలిగితే
వాడే ఇస్త్రీ చేసుకుంటాడులే.