పంచనామా

తెల్లవారకముందే ఫోను.
"మేడమా, నువ్వు చెప్పినట్టే చేసిన,
అడుగులు చెరపలే. జల్ది రా,
మబ్బు వట్టింది."

మాగనూరు దాటినంక బండి దిగబడింది.
నల్లరేగడి నా బూట్లని అడగకుండానే తీసుకుంది.
వట్టికాళ్ళతో నడిచాను,
సంచిలో టేపు, సిరాదిమ్మె,
పదకొండు గళ్ళ కొత్త నమూనా కాగితం.

ఎకరన్నర కంది.
పనితొందరలో తల్లే పిల్లాడి తల కత్తిరించినట్టు
ఇక్కడింత, అక్కడింత.
నేల మీద బోర్లించిన గంపలు ఏడు,
ఒక్కోదాని మీద ఒక్కో రాయి.
హన్మవ్వ మెల్లగా ఎత్తి చూపిస్తుంది,
పొదిగే కోడిని చూపించినట్టు:
"గిది మొగదానిది. ఎంత లోతుకు దిగిందో సూడు.
గిది పిల్లది. పాపం, జారింది."

గడి ఒకటి. నష్టం చేసిన జంతువు పేరు.
కృష్ణజింక, అని రాస్తున్నాను.
"నది అవతల, మా తల్లిగారింటికాడ, చిగరి అంటరు.
అవి అవతలివో ఇవతలివో ఎట్ల తెలుస్తది?
అవతలివైతే పైసలు ఆ సర్కారు ఇయ్యాల్నా?"
ఆ ప్రశ్నకు గడి లేదు.

గడి నాలుగు. రైతు స్వయంగా చూశాడా?
"చూశాడా" కొట్టేసి "చూసిందా" అని దిద్దాను.
"సూసిన. నడిరాత్రి బ్యాటరీ ఏస్తే
చేనంత పచ్చటి దీపాలు.
కార్తీకం ముందుగాలనే వచ్చిందా అనుకున్న."
అవును, అని రాశాను.

గడి ఏడు. తరిమేటప్పుడు జంతువుకు హాని జరిగిందా?
ఇది అడిగినప్పుడు చాలామంది నేల చూస్తారు.
ఆమె నా ముఖంలోకి చూసింది.
"పళ్ళెం కొట్టిన. ఒర్రిన. అంతే.
తీగ పెట్టుమన్నోళ్ళు ఉన్నరు.
తీగ సంగతి నాకు చెప్పొద్దన్న.
పందులకని పెట్టిన తీగ మీదనే గదా
మా ఇంటాయన పోయింది,
రాత్రి నీళ్ళు కట్టనీకి పొయ్యి."

అప్పుడు ఏ కాగితం నింపారు, అన్నాను.
"నింపలే. జంతువు సంపలేదన్నరు.
మీ ఆఫీసుల కాదు, కరెంటాఫీసుకు పొమ్మన్నరు.
ఆడికి పోతే..."
ఆగింది.
"ముందు గిది నింపు. మబ్బు."

దూలపల్లి శిక్షణలో
మొదటి షెడ్యూలు పేర్లన్నీ నిద్రలో లేపినా చెప్పేదాన్ని,
ఏ సెక్షనో, ఎన్నేళ్ళో.
ఇప్పటికీ వాటిని చూస్తే
నా కడుపులో ఏదో దూకుతుంది. అబద్ధమెందుకు,
నిన్న కూడా చూశాను: రోడ్డు దాటుతూ
గాల్లోనే కాసేపు ఉండిపోయిన ఒక నల్లమగది.
బండి ఆపి టోపీ తీశాను,
ఎవరూ లేరు కదా అని.
ఎవరి కంది తిని అంత ఎత్తు ఎగిరిందో
అప్పుడు ఆలోచించలేదు.

చినుకు.
టేపు అటు కొసన ఆమె, ఇటు కొసన నేను,
మధ్యలో మొత్తం వాన.
హన్మవ్వ టేపు వదిలి పరుగెత్తి
దగ్గరున్న గంపను లాగి
నా తల మీద, కాగితం మీద బోర్లించింది.
దాని కింద ఇందాకటిదాకా బతికిన అడుగు
నీళ్ళు నిండి, అంచులు వదిలి,
మళ్ళీ నేలయిపోయింది.

గంప కిందే వేలిముద్ర తీసుకున్నాను.
"ఎప్పుడొస్తయి?"
"ఉగాది లోపల," అన్నాను.
పోయినేటి కాగితాల గురించి
మా రేంజరు నాకు చెప్పిందీ అదే.

సాక్షి సంతకం గడి మిగిలింది.
పక్కచేను తాయప్పను పిలుద్దామా అంటే
తల అడ్డంగా ఊపింది.
"ఆయన్ని ఏదీ అడుగను," అంది,
పైటకొంగుతో వేలి నీలం తుడుచుకుంటూ.
అది పోలేదు.

బండి దాకా వచ్చి వెనక్కి చూస్తే
వానలో ఒక్కతే వంగి
మిగిలిన గంపల మీద రాళ్ళు సర్దుతోంది.
"పెద్దసారు వస్తే సూపనీకి!" అని అరిచింది.
"గా పిల్లదాని అడుగు
ఒక్కటన్న ఉండనీ."