ఇరవై చుక్కలు

బ్రాడీపేట నాలుగో లైనులో, జిరాక్స్ షాపు పక్కన
మా హోమియో కొట్టు.
తలుపు తీస్తే స్పిరిట్ వాసన ముందొస్తుంది,
దాని వెనక నేను.
పందొమ్మిదేళ్ళుగా చుక్కలు లెక్కపెట్టడమే నా చదువు.

మార్చి నెల. యార్డు గాలి ఊరి మీదికి మళ్ళింది.
ఆటోవాళ్ళు, ట్యూషన్ పిల్లలు, హారతి పళ్ళెం పట్టుకున్న పంతులుగారు
అందరూ ఒకే శ్రుతిలో తుమ్ముతారు.
ఊరికి జలుబు చేస్తే
మా గల్లాపెట్టెకి ఒళ్ళు బాగుపడుతుంది.

అలాంటి ఒక సాయంత్రం సువార్తమ్మ వచ్చింది.
ముక్కుకి కొంగు, గోళ్ళ సందుల దాకా ఎరుపు.
మిరపకాయలకి తొడిమలు తీసే పని.
"దగ్గు కాదు సార్, దగ్గు ఆగినా గొంతులో ఎవరో కూర్చునే ఉంటన్నారు.
రోగాన్ని గడప దాటనియ్యని శక్తేదో ఉందంట గదా,
ఉందా మీ కాడ?"

ఉంది. గోధుమరంగు సీసాలో.
ఎకినేషియా మదర్ టించర్, ముప్పై మిల్లీలీటర్లు.
"ఇరవై చుక్కలు, అరగ్లాసు నీళ్ళలో, మూడు పూటలు"
రైల్వే అనౌన్స్‌మెంటులా
నా ప్రమేయం లేకుండానే వచ్చేసే వాక్యం.

"ఇది ఏ చెట్టు?"

పందొమ్మిదేళ్ళలో ఎవరూ అడగలేదు.
కంపెనీవాళ్ళ క్యాలెండరులో జూలై తిప్పి చూపించాను.
ఊదారంగు రేకులు కిందికి వాలిపోయి,
నడిమధ్యన ముళ్ళపంది వీపులా ఒక బొడిపె.
నేనూ ఎన్నడూ చూడలేదు దాన్ని,
ఎక్కడో మంచు కురిసే గడ్డినేలల్లో పూస్తుందట.
"తల దువ్వుకోని పిల్ల" అంది.

కొనేముందు ఒక చుక్క నాలుక మీద వెయ్యమంది,
బండి దగ్గర మామిడి ముక్క అడిగినట్టు.
వేశాను.
కళ్ళు మూసుకుంది.
"చీమలు పాకతన్నయ్... తిమ్మిరెక్కతంది...
మా కాయకి చుట్టమా సార్ ఇది?
కారం లేని కారం."

ఏం చెప్పను?
ఈ వేరు పనిచేస్తుందంటారు కొందరు, చెయ్యదంటారు కొందరు,
పెద్దపెద్దవాళ్ళే ఇంకా తేల్చుకోలేదు.
తెలిసినంత చెప్పాను:
నీ గొంతులో కూర్చున్నది ధూళేమోనమ్మా.
తడిగుడ్డ కట్టుకో.
దగ్గు రెండు వారాలు దాటిందంటే
పెద్దాసుపత్రిలో కళ్ళె పరీక్ష చేయించుకో.
ఓనరు గారు వినుంటే
నా జీతాన్ని కూడా పలచన చేసేవారు.

పది రోజులొచ్చే సీసా.
మూడో రోజుకే ఖాళీది పట్టుకొచ్చింది.
"మేం పదకొండుమందిమి సార్.
తాగేనీళ్ళ బిందెలో వంపేశాం.
పక్కన మేరీ దగ్గతా ఉంటే
నా ఒక్కదాని శక్తి నేనేం చేసుకోను?"

ఎంత పలచనైతే అంత బలం అంటుంది మా శాస్త్రం.
నేను చదివి సగమే నమ్మిన మాట.
ఆమె చదవకుండానే
బిందె నిండా కలిపి పంచిపెట్టింది.

"తగ్గిందా?"
"ఏమో. ఇద్దరికి తగ్గింది. సుబ్బాయమ్మకి ఎక్కువైంది.
రేపు నలుగురం పెద్దాసుపత్రికి పోతన్నాం,
ఒక పూట కూలి పోతే పోయింది."

సీసా శుభ్రంగా కడిగి తెచ్చింది,
డిపాజిట్టు ఏమన్నా వెనక్కొస్తదేమోనని.
రాదు.
అయినా పది రూపాయలిచ్చాను.
ఏ పద్దు కింద రాయాలో తెలీక
ఆ గడి అలాగే వదిలేశాను.

రాత్రి షట్టరు దించబోతూ
ఎందుకో ఆ సీసాని నాలుక మీద బోర్లించాను.
చుక్క లేదు, తిమ్మిరీ లేదు.
మూతి అంచున,
ఆమె వేళ్ళు పట్టుకున్న చోట మాత్రం
పెదవి భగ్గుమంది.

చీకట్లో తడుముకుంటూ
నీళ్ళ కోసం వెతికాను.